కోడిముక్కు ఎత్తున

కుమరేశన్ షెడ్డు నడుమ మునివేళ్ల మీద గొంతుకూర్చుని, ముఖాన్ని నేలకు జానెడు దూరానికి వంచి, గాలి పీల్చాడు. ఉడుమలై దగ్గరి ఆ కోళ్ల షెడ్డులో ఇరవైరెండేళ్లుగా అతని ఉదయం ఇలాగే మొదలవుతోంది. నిలుచున్న మనిషికి తెలిసే గాలి వేరు, నేలమీది కోడి పీల్చే గాలి వేరు. రెట్టతో తడిసిన కొబ్బరిపొట్టులోంచి లేచే ఘాటును పట్టి, పక్క పరదాలు ఎంత తెరవాలో అతను చెప్పేవాడు. షెడ్డు యజమాని, మొదలాళి బాలకృష్ణన్, అంతే తెరిపించేవాడు.

రెండేళ్లుగా ఆ ముక్కుకు ఏ వాసనా అందడం లేదు. పొట్టు చెమ్మనూ ఆకాశాన్నీ చూసి ఉజ్జాయింపుగా చెబుతున్నాడు. ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు.

షెడ్డులో చెడుగాలిని కొలవడానికి పశువైద్య కాలేజీ నుంచి సుగన్య వచ్చి పన్నెండు రోజులైంది. మొదలాళి ఇప్పుడు ముందుగా ఆమె దగ్గరికే వెళతాడు. ఆమెకు కాఫీ మొదలాళి ఇంటి వెండి టంబ్లరులో వస్తుంది. ఆ టంబ్లరు అంచును కుమరేశన్ రోజూ దూరం నుంచే చూస్తాడు. ఒక్కటే ఊరట: ఆమె స్తంభానికి ఛాతీ ఎత్తున కట్టే మీటరు నిన్నటిదాకా పది, పన్నెండు దాటలేదు. గాలి బాగుందన్న అతని మాటే నిలిచింది.

"ఏం కుమరేశా, సవితి వచ్చినట్టు మూతి పెట్టుకుంటివి? పరదాలు తీద్దామా?" అన్నాడు బాలకృష్ణన్, ఆ ఉదయం షెడ్డులోకి వస్తూ.

"వద్దు మొదలాళి. వానగాలి. లోపల బాగుండాది."

"నీకెంత వచ్చె, అమ్మిణి?" అని బాలకృష్ణన్ సుగన్య వైపు తిరిగాడు.

"ముప్పైఎనిమిది సార్. ఇరవైఐదు దాటితే కోళ్లకు పడదు."

బాలకృష్ణన్ వెళ్లి, తన చేత్తోనే పరదాలు తెరిచాడు. కుమరేశన్ మాట కాదని తెరవడం ఇరవైరెండేళ్లలో అదే మొదటిసారి.

మీటరు ఇవాళ నేలకు జానెడు ఎత్తున వేలాడుతోంది.

"మీరు కూర్చుని చూస్తారు గదా మామా, అది చూసే దించితిని," అంది సుగన్య. తరువాత గొంతు తగ్గించింది. "మీకు వాసన తెలియలేదు, అవునా? ఇందులోనే ఉండేవాళ్లకు అట్లే అయిపోతాది. నేను సార్‌కు చెప్పను."

ఆమె గెలిచి ఎగతాళి చేసి ఉంటే అతనికి ద్వేషించడం తేలికయ్యేది. తన విద్యతోనే తనను ఓడించి, పైగా దయ కూడా చూపింది. అసూయకు ఎదుటివారి గొప్ప ఒక్కటే చాలదు, తన లోటు తనకు తెలియాలి. అతనికి తెలిసింది.

సాయంత్రం మేత పోసి, నీళ్ల గొట్టాలు తుడిచి, ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"తిరుప్పూరుకు పోతాను మొదలాళి. బావమరిది పని చేసే బనియను కంపెనీలో వాచ్‌మన్ కావాలంట."

ఫోనులోంచి తల ఎత్తకుండానే బాలకృష్ణన్ అన్నాడు. "సరి, నాలుగు దినాలు పోయి రా. అమ్మిణి ఉండాది గదా."

నాలుగు దినాలకు కాదని కుమరేశన్ ఆ మాటను సరిదిద్దలేదు.

మరునాటి ఉదయం షెడ్డు వాకిట్లో, కాళ్లు ముంచే సున్నం తొట్టి పక్కన, లోపల మాత్రమే తొడుక్కునే అతని రబ్బరు చెప్పులు కనిపించాయి. మడమల దగ్గర కొత్తవిలాగే ఉన్నాయి. వేళ్ల దగ్గర మాత్రం అరిగి, కింది నేల కనిపిస్తోంది.