చర్చి వెనక గాలిమర

మా తమ్ముడు గుల్వెన్ తప్పేమీ లేదని బ్రెస్ట్‌లో ఐదుగురు నౌకాదళం పెద్దమనుషులు విచారణకి కూర్చుని తేల్చారు. ఆ కబురు మా కామరె ఊరికి వాడికంటే ముందే వచ్చింది. వాడు కెప్టెన్‌గా ఉన్న ఓడ పోయింది, ముప్పై ఒక్కమంది పోయారు. అందులో తెరచాపలు కుట్టే మా ఆయన తంగీ ఒకడు. తప్పు మాత్రం దారి చూపే సరంగుదట. వాడూ మునిగిపోయాడు గనక ఎదురు చెప్పడు. బాగానే ఉంది. నాకు కోపం కూడా రాలేదు. ఓడ మునిగిన సెప్టెంబరు నుంచి నాకు ఏదీ రావడం లేదు.

రూలు అలాంటిది లెండి. రాజుగారి ఓడ రేవు దగ్గరికొస్తే సరంగు ఎక్కుతాడు, ఇక వాడి మాటే మాట. కెప్టెన్ ఆ మాట కాదని ఓడ తిప్పి ఎక్కడైనా తగిలించాడా, వాడి కొలువు అక్కడితో సరి. నోరు మూసుకుని మునిగితే ఏ పాపమూ అంటదు.

నేను కోరేది తీర్పు కాదు. మా నాన్న చేపలవాడు. మా ఇద్దరినీ పడవలో కూర్చోబెట్టుకుని ఒక్కటే నూరిపోశాడు. మన ఊరి గాలిమర చర్చి గోపురం వెనక దాక్కుందంటే ముందు నీళ్ళలో రాయి ఉంది, తిప్పేయండి అని. ఆ రోజు మంచు లేదు, గోపురం మీద పిట్ట వాలినా కనబడేది. గుల్వెన్ చూశాడా లేదా, నాకు అదొక్కటే కావాలి. చూడలేదంటే వాడు నా తమ్ముడే.

వాడు పన్నెండేళ్ళకి ఓడెక్కాడు. వర్తకుల ఓడల్లో తాళ్ళు లాగాడు, నక్షత్రాలు కొలవడం నేర్చాడు, రెండేళ్ళు ఇంగ్లీషువాళ్ళ జైల్లో మగ్గాడు. యుద్ధానికి మనుషులు చాలక రాజుగారి నౌకాదళం వాడిని ఆఫీసరుగా తీసుకుంది. పెద్దింటి ఆఫీసర్లకి ఎర్ర లాగులు, మావాడిలాంటి వాళ్ళకి నీలం. భోజనాల బల్ల దగ్గర ఎర్ర లాగులవాళ్ళు ముక్కు మూసుకుని, "ఎక్కడిదర్రా ఈ చేపల కంపు?" అనేవాళ్ళట. అన్నీ దిగమింగుకుని, ఇరవై ఎనిమిదేళ్ళు చాకిరీ చేసి ఒక ఓడ సంపాదించాడు. అదే ఇప్పుడు రాళ్ళ మీద ఉంది.

ఆదివారం మధ్యాహ్నం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా."

"రా. చల్లారిపోతాయి, తిను."

రెండు నల్లగోధుమ అట్లు వేసి, గిన్నెలో మజ్జిగ పోశాను. వాడు తుంచాడు గానీ నోట్లో పెట్టుకోలేదు.

"ఇంకా పెద్ద ఓడ ఇచ్చారక్కా. ఈస్టరు కాగానే ఇండియాకి. మన ఊరినుంచి తొమ్మిదిమందిని ఆ ఓడకి రాసుకున్నారు."

"తెలుసు. పక్కింటి మహారిత్ మొగుడూ ఉన్నాడు. ఒరేయ్, ఒక్కటడుగుతా. ఆ రోజు గాలిమర చూశావా?"

"సరంగు చెబుతున్నాడు కదా అని..."

"సరంగు కథ బ్రెస్ట్‌లో చెప్పుకున్నావుగా. చూశావా లేదా?"

"చూశాను."

"ఎంతసేపు?"

"మూడు మరియమ్మ జపాలు చెప్పేంతసేపు."

"ఓడ తిప్పడానికి ఆ కాస్తా చాలదా?"

"చాలు. రెండోది అయ్యేలోపు అరిచినా సరిపోయేది."

"మరి బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావేంరా?"

వాడు మజ్జిగ గిన్నెకేసి చూస్తూ చెప్పాడు. "పక్కనే ఎర్ర లాగు లెఫ్టినెంటు ఉన్నాడక్కా. గాలిమర అంటే నవ్వుతాడనిపించింది. కెప్టెన్‌కి పటం చూడటం రాదు, చేపలవాడిలా గోపురాలు చూసుకుంటాడు అంటాడని. పైగా నేను తిప్పి ఏదైనా అయితే, ఇరవై ఎనిమిదేళ్ళూ గంగలో కలిసేవి."

"నవ్వుతాడని," అన్నాను. ఏడుపు వస్తుందేమో, ఆ గిన్నె ఎత్తి వాడి నెత్తిన కొడతానేమో అని చూశాను. ఏమీ లేదు.

అప్పుడే మహారిత్ వచ్చింది. లోపల వాడిని చూసి, నా చెయ్యి పట్టుకుని బయటికి లాగింది.

"అడిగావా వదినా? మా ఆయన పారిపోతానంటున్నాడు, మూట కూడా కట్టాడు. పారిపోతే సిపాయిలొచ్చి నా ఇంట్లో తిష్ట వేస్తారు, నా బతుకు కుక్కలు చింపిన విస్తరే. ఒక్క మాట చెప్పు. నీ తమ్ముడు చూసి కూడా ఊరుకున్నాడా?"

"లేదే. కింద గదిలో పటం ముందేసుకుని ఉన్నాడట. పైకొచ్చేసరికే తగిలింది."

"మరియమ్మ మీద ఒట్టు?"

"ఒట్టు."

మొగుణ్ణి పోగొట్టుకున్నదాన్ని, నేనెందుకు అబద్ధమాడతాను? నమ్మింది. "నోట్లో పంచదార పొయ్య," అంటూ పరుగున పోయింది.

లోపలికొచ్చేసరికి గుల్వెన్ రెండట్లూ తినేశాడు. తలుపు సందులోంచి అంతా విన్నాడు. మొహంలోకి రక్తం వచ్చింది.

"నన్ను కాపాడావక్కా."

"నీకోసం కాదు. వాళ్ళు ఎలాగూ ఎక్కాల్సిందే. భయం లేకుండా ఎక్కనీ."

"ఈసారి మాత్రం అరుస్తాను. ఎవరు నవ్వినా సరే, ఒట్టు."

నేను మజ్జిగ గిన్నె తీసేశాను. వాడు లేచి, టోపీ చంకలో పెట్టుకుని, తల వంచాడు. ప్రయాణానికి ముందు నుదురు మీద ముద్దు పెట్టి పంపడం మా అమ్మ పోయినప్పటినుంచీ నా పని. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"వెళ్ళి రండి, కెప్టెన్ గారూ."

"అక్కా, అలా పిలవకే."

"పొద్దుపోతోంది. తమరు దయచేయండి."

వాడు టోపీ పెట్టుకున్నాడు. తరవాత బయటికెళ్ళి, నడివీధిలో ఆ బంగారు గుండీల కోటుతోనే భోరుమన్నాడు. వీధివీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. ఓడెక్కబోయేవాళ్ళ పెళ్ళాలు కూడా చూసి, "పాపం, పోయిన బావగారి మీద ఎంత ప్రేమో!" అని కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. నేను వాళ్ళని అలాగే అనుకోనిచ్చాను.