ఏడవని బిడ్డ

చిలమత్తూరు దగ్గరి ఆ పల్లెకు ఉదయం ఏడింటికి బట్టల ఫ్యాక్టరీ బస్సు వస్తుంది. హారన్ వినగానే హేమలత తన ఏడాదిన్నర కూతురు చౌడేశ్వరిని తమ వీధిలోని లక్ష్మీదేవి చేతికిచ్చి పరుగెడుతుంది. రెండేళ్లుగా వాన మొహం చాటేసింది. చేనులో వేసిన వేరుశనగ విత్తనం కూడా చేతికి రాలేదు. ఆమె కుట్టే చొక్కాల మీదే ఆ ఇల్లు నడుస్తోంది.

బిడ్డను ఎవరి దగ్గర వదలాలన్న మాట వచ్చినప్పుడు భర్త సురేంద్ర అడిగింది ఒక్కటే: "మనోళ్లేనా?"

లక్ష్మీదేవి మనవాళ్లే, ఒకే కులం. పట్టుపురుగులకు రోగం తగలకూడదని ఇంటిని అద్దంలా ఉంచుతుంది. అవతల ఎస్సీ కాలనీలో హనుమక్క కూలోళ్ల పిల్లలను నలుగురిని చూసుకుంటోందని, బాగా చూస్తుందని హేమలతకు తెలుసు. కానీ ఆ గడప దాకా వెళ్దామన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. మనలో ఎంతమందికి వస్తుంది చెప్పండి?

"నీ బిడ్డ బంగారం హేమా, ఏడుపనేదే లేదు," అనేది లక్ష్మీదేవి. ఆ మాటకు హేమలత మురిసిపోయేది.

ఒకనాడు నీళ్లు పోస్తుంటే పాప నడుము చుట్టూ ఎర్రటి చార కనబడింది. మొలతాడు బిగుసుకుందనుకుని వదులు చేసింది. నాలుగు రోజులకు చార ఇంకా కమిలింది. దారం పడలేదేమోనని మెత్తటిది మార్చింది. మనవాళ్ల మీద అనుమానం రావడం అంత కష్టం.

ఆ వారమే కరెంటు లేక ఫ్యాక్టరీ వాళ్లు మధ్యాహ్నానికే పంపేశారు. హేమలత నేరుగా లక్ష్మీదేవి ఇంటికి వెళ్లింది. వసారాలో పాప నడుముకు చీరపేలిక కట్టి, దాని కొసను మంచం కోడుకు ముడేసి ఉంది. కింద తడి, ఈగలు. తల్లిని చూసి పాప ఏడవలేదు, చేతులూ చాపలేదు. ఒకసారి చూసి తల దించుకుంది.

లక్ష్మీదేవి పురుగుల గదిలోంచి మల్బరీ ఆకు గంపతో బయటికొచ్చింది. "ఏం చేసేది హేమా? పురుగులు కడపటి మేతలో ఉండాయి. యాళకు ఆకు పడకపోతే పంటంతా పోతాది. వదిలితే పురుగుల తట్టల్లో చెయ్యి పెడ్తాది, అందుకే కట్టినా," అంది.

ఆమె చెడ్డది కాదు. బిడ్డను చూసే తీరికే ఆమెకు లేదు. ఆ సంగతి ఆమెను ఎవరూ అడగలేదు. హేమలత ముడి విప్పి, బిడ్డను గుండెకు హత్తుకుని అక్కడే బావురుమంది.

సాయంత్రం ఆమె బిడ్డనెత్తుకుని కాలనీకి బయల్దేరితే సురేంద్ర అడ్డం నిలబడ్డాడు.

"ఆడికా? ఊర్లో తలెత్తుకునేదెట్ల?"

"నీ బిడ్డను గొడ్డును కట్టినట్ల కట్టేసినారు. తలెత్తుకుంటావో దించుకుంటావో నువ్వే చూసుకో."

అతను పక్కకు తప్పుకున్నాడు.

హనుమక్క వెంటనే బిడ్డను అందుకోలేదు. "మా ఇంట్లో నీళ్లు తాగనిస్తావా తల్లీ? పొద్దంతా బిడ్డను దప్పికతో పెట్టుకోలేను నేను. రేపు మీవాళ్లొచ్చి గలాటా చేస్తే?"

హేమలత కళ్లు దించుకుంది. "తాగుతాది, తింటాది. ముందు నాకియ్యి," అని గ్లాసు అందుకుని, గడపలోనే నిలబడి అందరూ చూస్తుండగా తాగింది. "కులం అడిగినాం, ఇల్లు చూసినాం. నా బిడ్డను చూసేదానికి తీరికుంటాదా అని మాత్రం అడగలేదు హనుమక్కా. తప్పు మాదే."

అప్పుడు హనుమక్క చేతులు చాపింది.

తల్లులారా, తండ్రులారా! బిడ్డను ఒకరి చేతికిచ్చే ముందు వాళ్ల కులం అడగకండి. చెప్పకుండా ఒక పగటిపూట వెళ్లి, ఆ ఇంట్లో ఉన్న పిల్లలను చూసి రండి.