పగలడమే నా ఉద్యోగం

నేను ఒక గాజుముక్కను. అరచేతంత పొడవు, రెండు వేళ్ల వెడల్పు. రాజమండ్రిలో గోదావరి గట్టుకు దగ్గరగా విజయకౌముది నాటకశాల అని ఒక పాత భవనం ఉంది. దాని లోపలి గోడకు పైనుంచి కిందికి ఒక బీట. ఆ బీటకు అడ్డంగా, అటు కాస్త సిమెంటు, ఇటు కాస్త సిమెంటు పెట్టి నన్ను అతికించారు. అయ్యో పాపం అనుకోకండి. ఇంతకన్నా మంచి ఉద్యోగం నాకెప్పుడూ దొరకలేదు.

ఇసుకగా ఉన్నప్పటి సంగతులు నాకు తెలియవు. కొలిమిలో కరిగి, పెద్ద పలకగా పరుచుకుని, గడ్డి మధ్య పడుకుని లారీలో ఈ ఊరొచ్చాను. మొదట పంపన అబ్బులు గారి మిఠాయి కొట్టులో బీరువాకు బిగించారు. జనం నా మీద ముక్కు ఆనించి మరీ చూసేవారు. చూసేది నన్ను కాదు, నా వెనకున్న కాజాలను. గాజు బతుకే అంత. శుభ్రంగా తుడిస్తే మేం కనపడం, తుడవకపోతే తిట్లు తింటాం. కాజా కొరకగానే మనిషి కళ్లెందుకు మూసుకుంటాడో తెలుసుకోవాలని నాకు మహా కుతూహలంగా ఉండేది. ఎవరూ చెప్పలేదు.

అబ్బులు గారు కొట్టుకు కొత్త హంగులు చేయించుకున్నాక నన్ను ఫొటోలు కట్టే దుకాణానికి అమ్మేశారు. అక్కడ నన్ను కోసి ఒక పెద్దాయన ఫొటోకు బిగించారు. ఆయన బతికుండగా రెండోసారి కాఫీ అడిగితే విసుక్కున్నవాళ్లే ఇప్పుడు రోజూ దండ మార్చి, అగరొత్తి వెలిగించి, నా మీద ఊదు పొగ పట్టించేవారు. కొన్నాళ్లకు రంగుల ఫొటో చేయించుకుని, నన్ను మళ్లీ దుకాణంలో పడేశారు. అంచులు విరిగిన నన్ను వాళ్లు పట్టీలుగా కోశారు. ఇక చెత్తబుట్టే అనుకుంటుండగా హిమజ వచ్చింది.

హిమజ పాత కట్టడాలు బాగుచేసే ఇంజనీరు. దుకాణంలో అంత మంచి గాజుండగా, ఏరి కోరి పలచటి పట్టీని అడిగింది. దుకాణదారు ఆశ్చర్యపోయాడు. నేనూ ఆశ్చర్యపోయాను. నాటకశాలకు తెచ్చి నన్ను బీట మీద అతికిస్తూ ఆమె అక్కడున్నవాళ్లకు చెప్పిన మాటలు విన్నాక నా విలువ నాకు తెలిసింది. గోడ కదలకపోతే నేను ఇలాగే ఉంటాను. వెంట్రుకవాసి కదిలినా పగిలిపోతాను. కర్రయితే వంగుతుంది, మనిషైతే సర్దుకుంటాడు. నాకు ఆ రెండూ చేతకావు. అందుకే నన్ను సాక్షి అంటారట.

ఆ సాక్ష్యం ఎందుకో కూడా చెప్పాలి. గట్టు పక్క నేల కుంగుతోందని, నాటకశాల ఏదో ఒక వరదకు గోదాట్లోకి జారిపోతుందని ఊళ్లో అందరూ అనేవారు. కూల్చేసి, ఆ చోట కార్లు నిలుపుకునే కట్టడం కడదామని కొందరు. పాత మేడలంటే ప్రాణం పెట్టే ఒక సంఘం వాళ్లు ససేమిరా అన్నారు. అధికారులు ఇద్దరి గోలా విని ఒక దారి చెప్పారు. వరదల కాలమంతా గడిచి, కార్తీకమాసం చివర హిమజ వచ్చి చూసేనాటికి గాజు నిలిచి ఉంటే భవనాన్ని బాగుచేయిస్తారు. పగిలితే పునాది కదిలినట్టే, కూల్చేస్తారు.

అప్పట్నుంచి మొదలైంది నా వైభోగం. పుట్టాక మొదటిసారి మనుషులు నా గుండా కాకుండా నన్నే చూశారు. వాళ్లలో ముఖ్యురాలు రత్నమాంబ. ఒకప్పుడు ఈ రంగస్థలం మీదే రాణి వేషాలు వేసిన నటి. ఇప్పుడు నాటకశాల తాళాలు ఆమె దగ్గరే ఉంటాయి. రోజూ పొద్దున్నే ఈ గోడ పక్కన చాప పరిచి పిల్లలకు పద్యాలు నేర్పుతుంది. ఈ గోడలు పోతే పద్యాలు నేర్పడానికి ఆమెకు వేరే చోటు దొరక్కపోదు. కానీ తన గొంతు విన్న చోటు భూమ్మీద ఇంకొకటి ఉండదు. ఆ బెంగ ఆమె ముఖంలో నాకు రోజూ కనపడేది.

ఇక తెర లాగే సూరిబాబు. నలభై దాటిన మనిషి, భక్తి ఎక్కువ. నేను వచ్చిన మర్నాడే నాకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాడు. దిష్టి తగలకుండా పైన నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. చూడవచ్చిన హిమజ నవ్వాపుకోలేక, తన రుమాలుతో తుడిచింది.

“సూరిబాబు గారూ, బొట్టు కింద పగిలితే నాకెలా కనపడుతుందండీ?”

“మరి పగలకూడదనే కదండీ పెట్టింది!” అన్నాడతను.

మనుషుల్లో నాకు ఎంతకీ అర్థం కానిది ఇదే. నిజం చెప్పడానికి ఒకరిని నియమించుకుంటారు. వెంటనే, నువ్వు మాత్రం ఏమీ చెప్పకు తండ్రీ అని దండం పెడతారు.

శ్రావణంలో గోదావరి ఎర్రబడింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని చెప్పుకున్నారు. గట్టు మీద ఇసుక బస్తాలు పేర్చారు. గోడ చెమ్మగిల్లింది. నది ఎంత పెద్దగా వస్తుందో, వచ్చి ఏం చేస్తుందో చూడాలని నేను ఒళ్లంతా కళ్లు చేసుకుని ఎదురుచూశాను. ఏమీ కాలేదు. వరద వచ్చింది, పోయింది, నేను చెక్కు చెదరలేదు. ఊరంతా గెలిచినంత సంబరపడింది.

ఆ సంబరంలోనే సంఘం వాళ్లు కార్తీకమాసం చివరి రోజుల్లో పాత మేడల పండుగ చేశారు. పొద్దున ఊళ్లోని పాత భవనాలన్నీ జనానికి తిప్పి చూపించారు. సాయంత్రం ఇక్కడ పౌరాణిక నాటకం. కింద కుర్చీలు చాలక, ఏళ్ల తరబడి మూసి ఉన్న పైఅంతస్తు బాల్కనీ కూడా కడిగించి తెరిచారు. బొండాడ సత్తిరాజు రాజు వేషంలో పద్యం ఎత్తుకుని, చివర రాగం అలా అలా సాగదీసేసరికి జనానికి పూనకం వచ్చింది. వన్స్‌మోర్ అని కేకలు. బాల్కనీలో వాళ్లు చెక్కల మీద కాళ్లతో దబదబా బాదారు. సత్తిరాజు మళ్లీ పాడాడు. మళ్లీ బాదారు.

ఆ రెండో రాగం మధ్యలో నేను పగిలిపోయాను. నొప్పి లేదు, చిన్న టిక్కుమన్న చప్పుడు. అన్ని చప్పట్లలో అది ఎవరికి వినిపిస్తుంది?

మర్నాడు చాప పరవడానికి వచ్చి రత్నమాంబ చూసింది. పిల్లలను ఇళ్లకు పంపేసి, నా ఎదుట కూలబడింది. సంగతి తెలిసిన సూరిబాబు సైకిలేసుకుని ఎటో వెళ్లి, కాసేపటికి కాగితంలో చుట్టిన గాజుపట్టీతో వచ్చాడు.

“ఫొటోల కొట్లో ఇలాంటిదే అట్టుకొచ్చానండి. ఇంజనీరమ్మ గారు రేపు కదండీ వచ్చేది? ఈలోగా అతికించేద్దారి. మూడో కంటికి తెలీదండి.”

ఆమె వద్దనలేదు. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో ఆమె కళ్లలో ఆశే చూశాను. సూరిబాబు ఉలి తీసుకుని సిమెంటు ముద్ద అంచున ఆనించాడు. పోనీలే, మిఠాయి కొట్టూ చూశాను, పెద్దాయన ఇల్లూ చూశాను అనుకుని నేను సిద్ధపడ్డాను.

అప్పుడు రత్నమాంబ చివరిసారి అన్నట్టుగా నన్ను వేలితో తడిమింది. వేలు ఒక ముక్క మీంచి రెండో ముక్క మీదికి పోతూ మధ్యలో తట్టుకుంది. ఆమె మళ్లీ తడిమి చూసింది. ఒక ముక్క రెండోదానికంటే బియ్యపుగింజంత ముందుకు వచ్చి ఉంది.

“ఆగరా సూరిబాబూ.”

“ఏమైందండీ?”

“గాజైతే కొత్తది పెడతావు. గోడ మాటేంట్రా? రోజూ పొద్దున్నే పిల్లలు దీనికే కదా ఆనుకుని కూచునేది?”

“మరి కూల్చేత్తారు కదండీ!” అన్నాడతను, ఉలి తియ్యకుండానే.

“కూల్చెయ్యనీ” అంది రత్నమాంబ. అనేసి ఏడ్చింది. రంగస్థలం మీద ఏడ్చినట్టు కాదు. చెంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు కాకుండా ఏడ్చింది. నాకు కన్నీళ్లుంటే నేనూ ఏడ్చేవాణ్ణి.

మర్నాడు హిమజ గుమ్మంలో ఉండగానే రత్నమాంబ చెప్పేసింది.

“పగిలిందమ్మా.”

హిమజ ముఖం వాడిపోయింది. నా దగ్గరికి వచ్చి చాలాసేపు చూసింది. తర్వాత అడిగింది.

“ఎప్పుడు పగిలిందో ఏమన్నా తెలుసా అండీ?”

“మొన్న నాటకం రోజున తెర లేచేముందు హారతిచ్చి, నేనే దీనికి దండం పెట్టుకున్నాను. అప్పుడు బాగానే ఉంది. తెల్లారి చూస్తే ఇలా ఉంది.”

“నాటకానికి జనం బాగా వచ్చారా?”

“కింద కాలు పెట్టే చోటు లేదమ్మా. పైన రెండొందల మంది ఉంటారు. ఆ సత్తిరాజు పాడుతుంటే ఒకటే తొక్కుడు.”

హిమజ మెల్లిగా తలెత్తి బాల్కనీ వైపు చూసింది. నిచ్చెన అడిగింది. బాల్కనీని మోసే టేకు దూలం చివర గోడలోకి దిగే చోటు నాకు సరిగ్గా పైనే ఉంది. అక్కడ సున్నం గీకి, స్క్రూడ్రైవర్ మొన ఆనించింది. అది పిడి దాకా దిగిపోయింది. లోపలినుంచి చెద పట్టిన పొడి జలజల రాలి నా మీద పడింది.

ఆమె గబగబా నిచ్చెన దిగింది.

“అంత వరదొచ్చినా గాజు పగల్లేదు. పైన జనం బరువు పడితే పగిలింది. అంటే పునాది బాగానే ఉందండీ. కదిలింది నేల కాదు, ఈ దూలం చివర పుచ్చిపోయి గోడను తోస్తోంది. దీన్ని బాగుచేసుకోవచ్చు.” పక్కనే నిలబడ్డ సూరిబాబు చేతిలోని గాజుపట్టీ చూసి, గొంతు తగ్గించి అంది. “మీరు చెప్పకుండా అది మార్చేసి ఉంటే నేను సంతకం పెట్టేసేదాన్ని. వచ్చే నాటకానికి మళ్లీ పైన జనాన్ని ఎక్కించేవాళ్లు.”

రత్నమాంబ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. సూరిబాబు చేతిలోని కొత్త గాజును వెనక దాచుకోబోయి, మానేశాడు.

హిమజ మాట మీద అధికారులు మరమ్మతుకే ఒప్పుకున్నారు. దూలం పుచ్చిన మేర కోసి కొత్త టేకు అతికించి, కింద ఇనుప దన్ను పెట్టారు. బీటలోకి గానుగ సున్నం ఎక్కించారు. నా రెండు ముక్కలనూ తీసేస్తామంటే రత్నమాంబ ఒప్పుకోలేదు. ఇప్పుడు పాత మేడలు చూడవచ్చేవాళ్లు నా దగ్గర ఆగి, వంగి, కళ్లజోడు సర్దుకుని చూస్తారు. ఇంత చిన్న ముక్కలో ఏముందో అని వాళ్లకు కుతూహలం. ఇంత పెద్ద మనుషులకు ఇంత చిన్న ముక్కతో ఏం పనో అని నాకు.

పని పూర్తయిన రోజున బాల్కనీ దగ్గర బాగుచేసిన గోడ మీద హిమజ ఇంకో సాక్షిని అతికించింది. సూరిబాబు తెచ్చిన ఆ కొత్త గాజే. అతను అలవాటు కొద్దీ కుంకుమ భరిణె తీశాడు. రత్నమాంబ అతని చెయ్యి పట్టుకుని ఆపింది. తనే నిచ్చెన రెండు మెట్లెక్కి, ఆ గాజు మీద సిమెంటు మరక తుడిచి, చంటిపిల్లతో మాట్లాడినట్టు చెప్పింది.

“చూడమ్మా, మా కోసం ఓర్చుకోకు. ఏ కాస్త ఇబ్బందిగా ఉన్నా చెప్పేయ్. మేం ఏడుస్తామని చూడకు.”