నీడకు జరిపిన పలక

నా తమ్ముడు ఇసక్కిరాజా అలల మీద నిలబడి జీతం తీసుకున్నవాడు. ఈ మాట మా కోవిల్‌పట్టిలో ఎవరికి చెప్పినా ముందు నవ్వేవాళ్ళు. వాళ్ళ తప్పేం లేదు. మా ఊరికి సముద్రం బస్సులో రెండు గంటల దూరం. ఇక్కడ ఉన్నదంతా నల్లరేగడి, ఎండ, సందుకో అగ్గిపెట్టెల కంపెనీ. మా నాయన మాడసామిది అందులో మైనం పని. పుల్లలు బిగించిన చట్రాన్ని కాగే మైనంలో ముంచి తీయాలి. ఆ చట్రాల్లో పుల్లలు పేర్చేది నేను. అమ్మ మా చిన్నప్పుడే పోయింది.

మా పనికి చెమ్మ ఒక్కటే శత్రువు. వాన పడితే పుల్ల ఆరదు, మందు పట్టదు, ఆ రోజుకి కూలి లేదు. అందుకే మా ఇంట్లో ఏది తడిసినా ఎండలో పెట్టేస్తాం. బట్టలు, చింతపండు, బడి పుస్తకాలు, ఆఖరికి జలుబు చేసిన పిల్లల్ని కూడా. ఎండకి ఒక వస్తువు పాడవుతుందంటే మాకు నమ్మబుద్ధి కాదు.

రాజాకి పన్నెండేళ్ళప్పుడు, తొంభై ఆరులో, బావుల్లో దూకి చస్తాడని నాయన వాణ్ణి సెలవులకి అంతోణి మామ దగ్గరకి పంపాడు. మామ తిరుచెందూరు దిక్కున సముద్రం ఒడ్డు పిల్లని చేసుకుని, కిరస్తానీ వేదంలో చేరి, అక్కడే ఉండిపోయినవాడు. బావికి భయపడి సముద్రానికి పంపడం మా నాయన తెలివి! ఆ ఒడ్డుకి ఒక తెల్లాయన వచ్చి మనిషెత్తు సర్ఫింగ్ పలక మీద అలలెక్కేవాడు. పోతూ పోతూ ముక్కు విరిగిన పలకొకటి వీడికిచ్చి పోయాడు. ఇక ప్రతి సెలవుకీ వీడు అక్కడే. పదో తరగతి తప్పాక చెన్నై దగ్గర అలల ఆట నేర్పే చోట పనికి చేరాడు. రెండువేల మూడులో మొదటిసారి పోటీ గెలిచాడు. ఐదులో, ఆరులో వాడే చాంపియన్. పలకలు చేసే కంపెనీ ఒకటి నెలనెలా జీతం ఇవ్వసాగింది.

"ఏమ్మా మారిసెల్వీ, నీ తమ్ముడికి నీళ్ళమింద నిలబడేదానికి సంబలమా? మేము దినమూ కుళాయి ముందర నిలబడతాము, మాకెవురూ ఇయ్యలేదే!" అనేది నా పక్కన పుల్లలు పేర్చే మునియమ్మాళ్. నాకు కోపం వచ్చేది, గర్వమూ వచ్చేది. వాడి ఫొటో పడిన పేపరు ముక్కని నాయన చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు. మైనం చేతులతో తీసి తీసి చూపించేసరికి అది అట్టలా గట్టిపడింది.

రెండువేల ఏడు మే నెలలో రాజా నాలుగు రోజులు ఇంటికొచ్చాడు. ఆ వారమే చెన్నై దగ్గర పెద్ద పోటీ. గెలిస్తే కంపెనీ ఏడాది పాటు బాలి దీవికి పంపి ఆడిస్తుంది. దానికోసమే వాడి బరువుకీ ఎత్తుకీ కొలిచి కొత్త పలక చేయించారు. అలాంటిది ఇంకొకటి లేదు. పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకొచ్చాడు. మర్నాడు తెల్లారి విరుదునగర్ బయల్దేరాడు, అక్కడొక బడిలో వాడికి సన్మానం. రెండు రోజుల పని.

వాకిట్లో చెప్పులేసుకుంటూ నాతో అన్నాడు: "అక్కా, ఆ పలకని ఎండలో పెట్టొద్దు. నాయనకీ చెప్పు. లోపలంతా నురగే. కాగితే పైతోలు లేచిపోతాది."

వీధి చివర మా అగ్గిపెట్టెల కంపెనీ వ్యాను హారన్ కొడుతోంది. "సరే పోరా, నీ పలకకి విసనకర్రతో విసురుతా" అని ఎగతాళి చేసి పరిగెత్తాను. పన్లో పడి ఆ మాట మరిచిపోయాను. నాయనకి చెప్పలేదు.

రెండో రోజు సాయంత్రం నేను పని నుంచి వచ్చేసరికి నాయన వాకిట్లో వెలిగిపోతున్నాడు. సంచిలో పలక తడిగా ఉందని తీసి, కాలు జారకుండా పైన రుద్దిన జిగురు మైనాన్ని మురికనుకుని గీకేసి, నేను ఇంట్లో లేని ఆ రెండు పగళ్ళూ ఇంటి రేకుల మీద ఎండబెట్టాడు. తర్వాత కంపెనీ నుంచి తెచ్చిన మంచి మైనం కరిగించి నున్నగా పూశాడు. నలభై ఏళ్ళ చేతిపనితనమంతా అందులో పెట్టాడు.

రాజా వచ్చి పలక మీద చెయ్యి పెట్టాడు. అక్కడక్కడా తోలు పొంగి ఉంది.

"ఎట్లుండాదిరా?" అన్నాడు నాయన.

"రొంబ బాగుండాది నాయనా."

బస్టాండుకి నేనే తోడు వెళ్ళాను. "నాయనకి చెప్పినావా అక్కా?" అని అడిగాడు. చెప్పలేదనడానికి నా పాపిష్టి నోరు రాలేదు. "చెప్పినేను. ముసలోడు వింటాడా?" అన్నాను. వాడు తలూపాడు. "ఆయన్ని ఏమీ అనొద్దు. ఎండకి చెడిందని తెలీనే గూడదు" అన్నాడు.

కొత్త పలక చేసే వ్యవధి లేదు. అరువు పలకతో గెలవలేనని దాన్నే బాగుచేసుకుని దిగాడు. ఆఖరి ఆటలో పెద్ద అల మీద పైతోలు ఊడింది. కాలు లోపలికి దిగబడి, మోకాలు మెలితిరిగి, పలక రెండయింది. ఆపరేషన్ చేసిన డాక్టరు ఇక అలలు వద్దన్నాడు. మూడు నెలలకి కంపెనీ జీతం ఆగింది. వాడు కుంటుకుంటూ, విరిగిన పలక పెద్ద ముక్కని చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు. ఇరవై మూడేళ్ళు వాడికి.

"రాయి తగిలింది నాయనా" అన్నాడు.

నాయన చతికిలబడి ఆ ముక్కని అరచేత్తో తడిమాడు. పొంగిన చోటల్లా ఆ చెయ్యి ఆగింది. వేడి ఏ వస్తువుని ఏం చేస్తుందో ఆ చేతికి చెప్పక్కర్లేదు. "రాయా" అన్నాడంతే. జేబులో పేపరు ముక్క తర్వాత ఎన్నడూ బయటికి తీయలేదు.

రాజా ఆ పలకని పారేయలేక గోడకి ఆనించాడు, నాయన మానేసిన మైనం పన్లోకి పోసాగాడు. వాడు అటు వెళ్ళగానే నాయన లేచేవాడు. పొద్దున ఇంటి పడమటి గోడ నీడలోకి, మధ్యాహ్నం తూర్పు గోడ నీడలోకి పలకని జరిపేవాడు. విరిగిన ముక్క! ఇక ఎండేం చేస్తుంది దాన్ని? అయినా రెండేళ్ళు ఒక్క రోజు తప్పలేదు. నేను చూసీ చూడనట్టు అన్నం వండుకునేదాన్ని.

నాయన పోయే ముందు వారం, నేను గంజి తాగిస్తుంటే అన్నాడు: "పిల్లోడు ఒక్క మాట చెప్పిండొచ్చు గదమ్మా. ఒళ్ళో పెట్టుకొని కాచిందును."

గిన్నె చేతిలోనే ఉంది. అప్పుడైనా చెప్పొచ్చు. గంజి ఇంకొంచెం తాగమన్నాను.

పదహారో రోజు కర్మ అయిన మర్నాడు పొద్దున చూస్తే రాజా కుంటుకుంటూ పలకని నీడకి లాగుతున్నాడు. "పక్కింటి ఆండి చెప్పినాడు, నాయన దినమూ జరుపుతా ఉన్నాడంట" అన్నాడు. "పాపం. ఆ పొద్దే నీ మాట వినింటే..."

ఇక నావల్ల కాలేదు.

"నేను ఆయనకి చెప్పనే లేదురా."

వాడు ఆగాడు. నా వైపు తిరగలేదు. పలకని కింద పెట్టి, "ఆయన ఎప్పుడన్నా అడిగినాడా?" అన్నాడు.

"నువ్వు చెప్పలేదనుకొని పోయినాడు."

రాజా పలక పక్కనే మట్టిలో కూర్చున్నాడు. ఎండ జరిగి జరిగి వాడి కాళ్ళ మీదికి, పలక మీదికి వచ్చింది. ఇద్దరం చూస్తూనే ఉన్నాం. ఆ రోజు ఎవరమూ దాన్ని జరపలేదు.