మున్నేట్లో హీటరు పడవ

పెనుగంచిప్రోలుకి కరెంటొచ్చిన ఏడాది, పుష్యమాసం చలికి పొద్దున పూట మున్నేరు దాటడానికి నా పడవ ఎక్కేవాళ్లు తగ్గిపోయారు. ఆ మాట మా బావ ప్రేమదాసు దగ్గర అనడం నాది బుద్ధి తక్కువ. బావ వైరింగ్ పని చేస్తాడు. ఒళ్లంతా తెలివే, బుర్రలో తప్ప.

మర్నాడే ఒడ్డున మోటారు షెడ్డులోంచి వైరు లాగి, పడవలో చిన్న హీటరు పెట్టాడు. "తక్కువ కరెంటుతో నడిచేది, భయం లేదు" అన్నాడు. అని, భయాలన్నీ వరసగా చెప్పాడు. తడి కాళ్లతో ఎక్కకూడదట. గోనెపట్టా పరిచా. వైరు నీళ్లలో వేలాడకూడదట, బిగుసుకోకూడదట. పడవని గుంజకి కట్టేసా. అడుగున ఊటనీళ్లు ఉండకూడదట. తోడిపోసా, మళ్లీ ఊరాయి. చివరికి నలుగురం పట్టి పడవని ఇసకలోకి ఈడ్చాం.

"ఇప్పుడు సేఫ్" అన్నాడు బావ.

నా పడవలో అంతమంది జనం ఎన్నడూ ఎక్కలేదు. అవతలి ఊరి బళ్లో చెప్పే కృపావతి పంతులమ్మ అయితే అరచేతులు కాచుకుంటూ గంటసేపు కూచుంది. బడి టైమయ్యేసరికి అందరూ దిగి, బట్టలు ఎగ్గట్టి, నడుంలోతు నీళ్లలో నడిచి ఏరు దాటారు.

నేను తెడ్డు పట్టుకుని చూస్తున్నా. అవతలి గట్టు మీంచి పంతులమ్మ వణుకుతూ కేకేసింది.

"స్తెఫనూ, ఈ ఒడ్డున కూడా ఇలాంటి పడవ ఒకటి పెట్టించరాదూ."

వెనక్కి తిరిగి చూస్తే, బావ అప్పుడే వైరు కొలుస్తున్నాడు.