రైలు మేడం విమానం ఎక్కిన రోజు

ఆవిడకో పేరుంది, పేరు వెనక డిగ్రీలున్నాయి, గది తలుపు మీద ఇత్తడి పలక కూడా ఉంది. ఏం లాభం? యూనివర్సిటీ మొత్తానికీ ఆవిడ రైలు మేడమే. లైబ్రరీ వాళ్ళు, క్యాంటీన్ వాళ్ళు, ఆఖరికి జీతాల సెక్షన్ వాళ్ళు కూడా అలాగే పిలుస్తారు. మొదట్లో వెక్కిరింతకి పెట్టిన పేరు, పోనుపోను మర్యాదై కూర్చుంది.

ఆవిడ చెప్పే పాఠం పర్యావరణ ఆర్థికశాస్త్రం. మొదలుపెట్టిన రోజుల్లో ఆవిడది రెంటికీ చెడ్డ రేవడి బతుకు. "ఈవిడ చెట్ల గురించి మాట్లాడుతుంది, బోటనీకి పంపండి" అన్నారు ఎకనామిక్స్ వాళ్ళు. "ఈవిడ ధరల గురించి మాట్లాడుతుంది, మాకెందుకండీ" అన్నారు బోటనీ వాళ్ళు. చివరికి మెట్ల కింద పాత సామాన్ల గది ఖాళీ చేయించి, అందులో ఓ బల్ల వేసి, సుస్థిరాభివృద్ధి అధ్యయన కేంద్రం అని బోర్డు తగిలించారు. గది కన్నా బోర్డే పెద్దది. పైన మెట్ల మీద పిల్లలు పరిగెత్తినప్పుడల్లా కింద ఆవిడ నెత్తిన సున్నం రాలేది. ఆ సున్నం దులుపుకుంటూనే ఏళ్ళ తరబడి ఒకటే మాట చెప్పుకొచ్చింది: సంత భూమ్మీద ఉంది గానీ భూమి సంతలో లేదు, రేపు పుట్టబోయేవాడు అడగడానికి రాలేడు కదా అని వాడి వాటా మనం తినేయకూడదు.

చెప్పి ఊరుకుంటే అందరిలాంటి పంతులమ్మే అయ్యేది. ఒకరోజు క్లాసులో ఎవరో వెనక బెంచీలోంచి, "చెప్పేటందుకే నీతులు. సెమినార్లకి మీరూ విమానాల్లోనే వెళ్తారుగా మేడం" అన్నారు. ఆవిడకి రోషం పొడుచుకొచ్చింది. అక్కడికక్కడే, సుద్దముక్క చేత్తో పట్టుకునే, ఇక జన్మలో విమానం ఎక్కనని ఒట్టు పెట్టేసుకుంది. ఒట్టంటే ఒట్టే. దూరదేశాల నుంచి పిలుపులొస్తే వీడియో పంపింది. అంతర్జాతీయ అనుభవం చాలదని ప్రమోషన్ కమిటీ వెనక్కి తిప్పితే, చాలకపోతే పొమ్మంది. రైల్లో కూర్చునే పేపర్లు దిద్దింది, రైల్లో కూర్చునే పుస్తకం రాసింది. ఆ పుస్తకానికి మంచి పేరొచ్చింది. పిల్లలు ఆవిడని చూసి తామూ ఒట్లు పెట్టుకున్నారు. వెనక్కి తిప్పిన కమిటీయే పిలిచి ప్రొఫెసర్‌ని చేసింది. మొండితనం పండితే దాన్నే పట్టుదల అంటారు లెండి.

ఆ పట్టుదలకి ఆవిడ ఇచ్చుకున్నదేమిటో తెలిసినవాళ్ళు తక్కువ. అమ్మకి ఉన్నట్టుండి జబ్బు చేసింది. అమ్మా, అక్కా ఉండే ఊరు రైల్లో రెండు రాత్రుల దూరం. ఒట్టు పెట్టుకుని అప్పటికి రెండేళ్ళే. ఆవిడ రైలే ఎక్కింది. వెళ్ళేసరికి అంతా అయిపోయింది. అక్క గుమ్మంలోనే గట్టిగా కావలించుకుని, "నిద్రలోనే పోయిందే చిట్టీ. ఎవర్నీ అడగలేదు, ఎవరి కోసం చూడలేదు. నువ్వు ముందొచ్చినా అంతే" అంది. చుట్టాలు బుగ్గలు నొక్కుకుంటుంటే, "దానికో ధర్మం ఉంది, మీకేం తెలుసు?" అని అందరి నోళ్ళూ మూయించింది. అక్క చెప్పిన ఆ మాటే లేకపోతే ఈవిడ మళ్ళీ క్లాసులో నిలబడి పాఠం చెప్పగలిగేది కాదు.

ఈమధ్య యూనివర్సిటీ ప్రయాణాలకి కొత్త నియమం రాసే పని ఆవిడ చేతికొచ్చింది. రైలు వెళ్ళే చోటికి యూనివర్సిటీ ఎవరికీ విమానం టికెట్ ఇవ్వదు, ఎవరికీ మినహాయింపు లేదు అని రాసింది. దానికి అడ్డం తగిలింది ఒక్కరే, సూట్‌కేస్ మాస్టారు. బ్యాంకింగ్ పాఠాలు చెప్పే ఆయన గదిలో తలుపు వెనక ఎప్పుడూ ఓ సూట్‌కేస్ సిద్ధంగా ఉంటుంది. ఏ సెమినార్ ఎక్కడ జరిగినా ఆయన అక్కడ ఉంటాడు. "డ్యూటీ మీద వేరే ఊళ్ళో ఉన్నవాడికి ఇంట్లో ఎవరికో సీరియస్ అని కబురొస్తే? అప్పుడైనా ఇవ్వరా మేడం?" అని మీటింగులో లేచి అడిగాడు. ఆవిడ తల ఎత్తుకుని, "మా అమ్మ పోయినప్పుడు నేను రైల్లోనే వెళ్ళాను" అంది. మాస్టారు కూర్చున్నాడు. ఆ నియమానికి ఆఖరి ఆమోదం ఈ సాయంత్రం మీటింగులో.

మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు.

"చూడమ్మా, కంగారు పడకు" అని మొదలుపెట్టాడు. ఆ మాట విన్నాక కంగారు పడనివాళ్ళు ఈ భూమ్మీద ఉన్నారా? అక్కకి తెల్లారుతూనే గుండెనొప్పి వచ్చిందట. ఇవాళే ఆపరేషన్ చేయాలంటున్నారట.

"చేయించు మరి బావా!"

"ఎక్కడమ్మా, సంతకం పెట్టనంటోంది. నిన్ను చూశాకే లోపలికి వెళ్తుందట. 'అది రైల్లో వస్తుంది, ఎల్లుండి దాకా ఆగుతా' అంటోంది. ఎల్లుండి దాకా హామీ ఇవ్వలేనంటున్నాడు డాక్టరు. పోనీ విమానంలో రమ్మందామా అంటే నా మీద విరుచుకుపడింది. దాని ఒట్టు నా చేత తప్పిస్తావా అని. నాకేం పాలుపోవట్లేదు."

"అక్కకివ్వు."

అక్క గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. "నేను బానే ఉన్నానే. నిదానంగా రా. ఫోన్లో కాదు, ఎదురుగా చూడాలి నిన్ను. అంతే."

ఫోన్ పెట్టేసి ఆవిడ కుర్చీలో కూలబడింది. మీరూ నేనూ అయితే ఈపాటికి చెప్పులేసుకుని పరిగెత్తేవాళ్ళం. ఆవిడ కూర్చుంది. విమానమంటే భయం కాదు. రేపు నలుగురూ నవ్వుతారనీ కాదు, నవ్వితే నవ్వనీ. ఇవాళ ఎక్కితే, మరి అమ్మకెందుకు ఎక్కలేదు? ఆవిడ తప్పించుకోవాలని చూసింది ఆ ప్రశ్ననే. ఎక్కకుండా ఉన్నంతకాలం అమ్మ విషయంలో చేసింది ధర్మం. ఒక్కసారి ఎక్కిందా, అది వట్టి మొండితనం అయిపోతుంది.

చిత్రమేమిటంటే, ప్రతి ఏడూ కొత్త పిల్లలకి ఆవిడ చెప్పే మొదటి పాఠమే ఇది. మునిగిన ఖర్చు మునిగిపోయింది, దాన్ని చూసుకుని ఇంకా ముంచకండి. టికెట్ కొన్నాం కదా అని చెత్త సినిమా ఆఖరిదాకా చూసేవాడి తలనొప్పి ఎవరిస్తారు వెనక్కి? పిల్లలు పగలబడి నవ్వుతారు. ఆ నవ్వులన్నీ ఇప్పుడు ఆవిడ చెవుల్లో వినిపించాయి. అమ్మ విషయంలో చేసిందే అక్క విషయంలోనూ చేయబోతున్నానా అనుకుంది. లేచింది.

లేచింది సరే, విమానం టికెట్ ఎలా కొనాలో తెలిస్తేగా! పుష్కరం కావస్తోంది ఆ మొహం చూసి. తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. తిన్నగా వెళ్ళి సూట్‌కేస్ మాస్టారి తలుపు తట్టింది.

ఆయన బల్ల మీద కాగితం పరుచుకుని అన్నం తింటున్నాడు. "మాస్టారూ, ఈ సాయంత్రానికి విమానం టికెట్ దొరుకుతుందా?" అంది ఆవిడ.

"ఎవరికి?"

"నాకే."

మాస్టారు ముద్ద మింగడం మర్చిపోయాడు. ఆవిడ సంగతంతా గబగబా చెప్పింది. ఆయన ఒక్క ప్రశ్న వేయలేదు. డబ్బా మూత పెట్టేసి, చెయ్యి రుమాలుకి తుడుచుకుని, "బస్సెక్కినంత తేలిక మేడం. మీ కార్డు ఇలా ఇవ్వండి" అని ఫోన్ తీశాడు. టికెట్ తీసి, తన కార్లోనే ఎక్కించుకుని బయల్దేరాడు.

సగం దారి గడిచాక ఆవిడే నోరు విప్పింది. "ఏమీ అనరేం?"

"ఏమనాలి?"

"దెప్పుతారనుకున్నాను."

"దెప్పకుండా వదుల్తానా? దెప్పుతాను. మీ అక్కగారు ఇంటికొచ్చాక, తీరిగ్గా, క్యాంటీన్లో, నలుగురూ వినేట్టు."

ఆవిడకి నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకే ఏడుపొచ్చింది. మాస్టారు రోడ్డు వైపే చూస్తూ బండి నడిపాడు.

"మీటింగులో చెప్పేయండి, విమానంలో వెళ్ళిందని. మీరడిగిన మినహాయింపు రాసేయండి" అంది కళ్ళు తుడుచుకుని.

"నేనెందుకు చెప్తానండీ? వాయిదా వేయిస్తా. మీ నోటితో మీరే చెబుదురు గాని" అన్నాడాయన.

విమానంలో బెల్టు ఎలా పెట్టుకోవాలో మర్చిపోయి తడుముకుంటే పక్క సీటామె పెట్టింది. చదువుదామని సంచిలోంచి ఓ థీసిస్ తీసింది గానీ మొదటి అధ్యాయం సగంలో ఉండగానే దిగుతున్నామని చెప్పారు. ఇంతేనా? రెండు రాత్రులు కిటికీకి తల ఆనించుకుని, తెల్లారిందా, ఎక్కడిదాకా వచ్చాం అని కనబడినవాళ్ళనల్లా అడుగుతూ వెళ్ళిన దూరం ఇంతేనా?

ఆసుపత్రి వరండాలో బావ ఎదురొచ్చాడు. గడ్డం మాసి, ఒక్క రోజులో పదేళ్ళు పైబడ్డట్టున్నాడు. మరదల్ని చూడగానే చేతులు పట్టుకున్నాడు. "బతికించావమ్మా. కానీ ఒక్క మాట. విమానమని మాత్రం చెప్పకు. పక్క ఊళ్ళో ఏదో మీటింగుంటే వచ్చానని చెప్పు. ఇప్పుడు దాన్ని బాధపెట్టొద్దు."

ఆవిడ తలూపింది. అబద్ధం చిన్నదే, పైగా చేతికి అందించిన అబద్ధం. ఏ మీటింగో, ఏ ఊళ్ళోనో కూడా నడుస్తూ నడుస్తూ ఆలోచించుకుంది.

అక్క దిండ్లకి చేరగిలబడి ఉంది. మొహం పాలిపోయింది గానీ కళ్ళు మాత్రం అవే కళ్ళు. "నువ్వేంటే అప్పుడే! రైలు ఎల్లుండి కదా?"

ఆవిడ మంచం పక్కన కూర్చుంది. నోట్లో సిద్ధంగా ఉన్న మాట ఎంతకీ బయటికి రాలేదు. ఎప్పుడూ తనని వెనకేసుకొచ్చిన మనిషికి ఇలాంటి పూట అబద్ధం చెప్పడానికి ఆవిడకి మనసొప్పలేదు.

"విమానంలో వచ్చానక్కా."

తలుపు దగ్గర బావ నెత్తి కొట్టుకున్నాడు. "ఎంతసేపు పట్టింది?" అంది అక్క.

"కాసేపే. కూర్చుని లేచినంత."

"అప్పుడూ ఉందా ఆ విమానం?"

ఎప్పుడు అని అడగక్కర్లేదు. "ఉందక్కా. ఎక్కొచ్చు. నేనే ఎక్కలేదు."

అక్క కళ్ళ నుంచి నీళ్ళు చెవుల వైపు జారాయి. తుడుచుకోలేదు. "అమ్మ నిద్రలో పోలేదే చిట్టీ" అంది. "తెల్లవార్లూ మెలకువగానే ఉంది. చిట్టి వచ్చిందా, చిట్టి వచ్చిందా అని ఆ తలుపు వైపే చూసింది. రైల్లో ఉందమ్మా, వచ్చేస్తోంది, వచ్చేస్తోంది అని చెప్పీ చెప్పీ నా నోరెండిపోయింది. నువ్వు తట్టుకోలేవని అబద్ధం చెప్పాను. ఇవాళ నువ్వు నిజం చెప్పావు. నేనూ లోపలికెళ్ళి రాకపోతే, నీకిది చెప్పేవాళ్ళెవరే?"

మా అమ్మ పోయినప్పుడు నేను రైల్లోనే వెళ్ళాను. నిండు సభలో తల ఎత్తుకుని అన్న మాట. ఆవిడ మంచం అంచు మీద తల పెట్టేసి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. పుస్తకం రాసిన మనిషి, కమిటీలని ఎదిరించిన మనిషి, అమ్మా అమ్మా అంటూ ఏడ్చింది. అక్క చెయ్యి ఆవిడ తల మీదికొచ్చి అక్కడే ఉండిపోయింది.

"తిట్టక్కా నన్ను."

"తిడతాలే. ముందు బతకనీ" అంది అక్క. "కోపమొస్తోందే. నువ్వొచ్చావని సంతోషమూ వస్తోంది. రెండూ ఒకేసారి వస్తే ఈ గుండెకేమవుతుందో, ఆ డాక్టర్నడగాలి. ఏమండీ, ఆ కాగితం ఇలా తెండి."

బావ పరుగున తెచ్చాడు. అక్క సంతకం పెట్టింది. నర్సులొచ్చి మంచాన్ని తోసుకెళ్తుంటే చెల్లెలు చెయ్యి వదలకుండా ఆపరేషన్ థియేటర్ దాకా నడిచింది. అక్కడ ఆపేశారు.

"చిట్టీ, ఎక్కడికీ వెళ్ళకు" అంది అక్క. "నేను కళ్ళు తెరిచి తలుపు వైపు చూసేసరికి నువ్వు కనబడాలి."

తలుపులు మూసుకున్నాయి. ఆవిడ గోడ పక్కనున్న కుర్చీని లాక్కొచ్చి ఆ తలుపుకెదురుగా వేసుకుని కూర్చుంది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు కదా, కాస్త టీ అయినా తాగొద్దాం రమ్మన్నాడు బావ.

"నువ్వెళ్ళి రా బావా" అంది. తలుపు మీంచి కళ్ళు తిప్పలేదు.