ఎర్ర దీపం నోరు మూయించినవాడు

నిల్లాస్ విప్పలేని ఇంజను ఆ కొండల్లో లేదు. ఆ మాట అందరికన్నా ఎక్కువసార్లు అన్నది నిల్లాసే. మంచు మీద నడిచే స్కూటర్ ఎవరిది ఆగిపోయినా బాగుచేసేవాడు, చేసినంతసేపూ వాళ్ళని తిట్టిపోసేవాడు. ఈ ఏడు కొన్న కొత్త స్కూటర్ మాత్రం అతని మాట వినలేదు. దాని కడుపులో కంప్యూటర్ ఉంది మరి!

ఆ మధ్యాహ్నం వాళ్ళ రెయిన్‌డీర్ల మంద నదివైపు దిగుతోంది. మలుపు దగ్గర ప్రవాహం జోరు, పైన మంచు పల్చన. ముందు నడిచేవన్నీ అతని భార్య మారేత్‌వి. తండ్రి ఇచ్చినవి, ఆమెవని చెవి కోసి గుర్తు పెట్టినవి. అవి నదిలో దిగకముందే మొగుడూ పెళ్ళాం అడ్డం వెళ్ళి మళ్ళించాలి. సరిగ్గా అప్పుడే స్కూటర్ మీద ఎర్ర దీపం వెలిగింది. ఇంజను వేడెక్కిందట, ఇక నత్తనడకేనట.

వెనక కట్టిన చెక్కబండిలోంచి మారేత్ అరిచింది. "ఆపకయ్యా! ఈ నడక చాలు, అందుకుంటాం!"

"నోర్ముయ్యవే. ఈ డబ్బానా నాకు చెప్పేది?"

మొండివాడు రాజుకన్నా బలవంతుడు. స్కూటర్ ఆపేశాడు. చేతితొడుగులు తీసి చెక్కబండిలోకి విసిరి, ఇంజను మూత ఎత్తాడు. దూడల చెవులు కోసే కత్తితో, వేడి కనిపెట్టే తీగను కోసిపారేశాడు. పాత స్కూటర్లకి అలాగే నోరు మూయించేవాడు.

ఎర్ర దీపం ఆరింది. తాళం తిప్పితే ఇంజనూ పలకలేదు. మళ్ళీ తిప్పాడు, తిట్టాడు, తన్నాడు.

మంచు మీద జారే స్కీలు ఉన్నది ఒక్క జతే, అవి మారేత్ కాళ్ళకి బిగించుకునేలోపే మంచు పగిలింది. ముందున్న పోతు మెడలో గంట గట్టిగా మోగి ఆగిపోయింది. దాని వెంట నడిచినవన్నీ దాని వెంటే మునిగాయి. వెనకవి బెదిరి ఒడ్డునే నిలబడ్డాయి.

నిల్లాస్ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

"హమ్మయ్య! నావన్నీ వెనకే ఉన్నాయే. ఒక్కటీ పోలేదు."

మారేత్ ఏడవలేదు. అతని తొడుగులు తీసి తన తొడుగుల మీదే వేసుకుంది. వేడి కాఫీ సీసా భుజాన తగిలించుకుంది, అగ్గిపెట్టె జేబులో వేసుకుంది. ఇల్లు కొండకి అవతల. ఆ లోయలో ఫోన్లు పలకవు.

"ఎక్కడికే? నా తొడుగులిటివ్వు, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి!"

"నీకెందుకయ్యా తొడుగులు? బాగుచేసేటప్పుడు అడ్డం కదా."

ఆమె స్కీల మీద కొండెక్కసాగింది. వెనక తాళం తిప్పుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. తర్వాత అదీ ఆగి, అతని గొంతు వచ్చింది. ఒసేయ్ అని కాదు, మారేత్ అని పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఆమె వెనక్కి తిరగలేదు.